వెండినీళ్ళలో ఉప్పుకల్లు

మా నాయన రంగును కంటితో చూసేవాడు, నాలుకతో ఒప్పుకునేవాడు. ఎమ్మిగనూరులో మా ఇంటి వెనక రెండు సిమెంటు తొట్లు, ఒక రాగి గంగాళం ఉండేవి. గంగాళంలో నూలు ఉడుకుతుంటే చిటికెన వేలు ముంచి, నాలుకకు తాకించి, పక్కకు ఉమ్మి, "ఇంగ రోంత ఉప్పు పడాల" అనేవాడు. పత్తినూలు రంగును ఊరికే పట్టుకోదు. నీళ్ళలో ఉప్పు పడితేనే రంగు నీళ్ళను వదిలి దారం మీదికి పోతుంది. ఆ ఉప్పు ఎంతన్నది మా నాయన నాలుకకే తెలుసు. కూరలో ఉప్పు తక్కువైనా ఎక్కువైనా నోరెత్తని మనిషి గంగాళం దగ్గర ఇన్ని రుచులు పోతాడేమని మా అమ్మ సణిగేది. పొద్దున్నే ఆయన నాలుక చూసిన కొత్తవాళ్ళు తాంబూలం అలవాటు గట్టిగానే ఉందనుకునేవారు. ఆయన జన్మలో వక్క నమిలి ఎరగడు.

ఎరుపంటే ఆయనకు పిచ్చి. నలుపు, పచ్చ, నీలం ఎవరైనా అద్దుతారు, ఎరుపు మాత్రం తనకే వచ్చని ఆయన నమ్మకం. మా వీధిలో మగ్గాలవాళ్ళు ఆ మాట కాదనేవారు కాదు. అందులో కొంత నిజం ఉంది, మిగతాది ఆయన నోటికి భయం.

నేను ఎనభైల మొదట్లో ఆదోనిలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. వారమంతా అక్కడే ఒక గదిలో అద్దెకుండి, జడలో ఇరుక్కున్న దూది పింజలు ఏరుకుంటూ శనివారం మధ్యాహ్నం బస్సెక్కి ఇల్లు చేరేదాన్ని. ఆదోనిలో జిన్నింగు మిల్లుల పక్కన బతికిన వాళ్ళకు దూది సంగతి చెప్పక్కర్లేదు. ఉద్యోగం చేస్తూనే బెంగుళూరులో ఒక ప్రొఫెసరు దగ్గర పరిశోధనకు చేరాను. ఎందుకు చేరానని ఇప్పుడెవరైనా అడిగితే గొప్పగా ఏదో చెప్తాను గానీ, అసలు సంగతి మా కాలేజీలో ఇంకో లేడీ లెక్చరరు పరిశోధనకు చేరిందని.

నా పని వెండినీళ్ళు తయారుచెయ్యడం. వెండి లవణాన్ని ఐసులా చల్లబరచిన ఒక మందు నీళ్ళలో బొట్టుబొట్టుగా వదిలితే, కంటికి కనిపించనంత చిన్న వెండి రేణువులు పుట్టి నీళ్ళు పసుప్పచ్చగా మారతాయి. ఇప్పుడు వాటిని నానో అని అందరూ అంటున్నారు, అప్పుడు మాకు కొల్లాయిడే. ఏ పదార్థం మీదనైనా లేజరు వేస్తే ఆ పదార్థం కొంత వెలుగును రంగు మార్చి వెదజల్లుతుంది. దాన్ని యంత్రం కాగితం మీద గీతలుగా గీస్తుంది. ఒక్కో పదార్థానికి ఒక్కో గీతల వరస, మన వేలిముద్రల లెక్క. చిక్కేమంటే ఆ గీతలు మరీ నీరసం. పదార్థం కాస్తంతే ఉంటే అసలు లేవవు. ఆ కాస్తంతా పోయి వెండి రేణువును అంటుకుందంటే మాత్రం గీతలు ఎన్నో రెట్లు పైకి లేస్తాయని అప్పటికి నాలుగైదేళ్ళ కిందటే దేశదేశాల వాళ్ళు కనిపెట్టారు. వాళ్ళకు లేచిన గీతలు నాకు లేవలేదు. రెండేళ్ళు ప్రయత్నించాను.

వెండినీళ్ళకు మడి ఎక్కువ. మా గైడు నియమాలు మా నాయనమ్మ నియమాల కంటే కఠినం. సీసా ఆమ్లంతో కడగాలి. ఆవిరి పట్టి చల్లార్చిన నీళ్ళు తప్ప వేరే నీళ్ళు తగలకూడదు. ఉప్పు గాలి కూడా సోకకూడదు. ఉప్పు పడిందా, రేణువులు ఒకదానికొకటి అంటుకుని ఉండలై అడుగుకు దిగిపోతాయి. మా ప్రాంతంలో నీళ్ళే ఉప్పన. నేను ఐసు ఫ్యాక్టరీ నుంచి రంపపు పొట్టులో చుట్టిన గడ్డ తెచ్చుకుని, అందులో గిన్నె పెట్టుకుని, ఊపిరి బిగబట్టి చేసేదాన్ని.

మొదటిసారి ఆ సీసా ఇంటికి తెచ్చి చూపిస్తే మా నాయన వెలుతురుకెత్తి చూసి, "వెండిని ఇట్ల సేసినావా?" అన్నాడు.

"అవును నాయనా."

"ఇన్నేండ్లు సదివి పసుపునీళ్ళు సేసినావు. మీయమ్మ దినామూ గడపకు పూస్తాది, ఆయమ్మకెవురూ పట్టా ఇయ్యలా."

అమ్మ వంటింట్లో నుంచి పక్కుమంది. ఆ ఇంట్లో నా శాస్త్రానికి దొరికిన మర్యాద అంతే.

ఇంతలో మా నాయన ఎరుపుకు మచ్చ వచ్చింది. నూలు ఇచ్చి చీరలు నేయించే పెద్దమనిషి ఒకాయన తెల్లచీరలకు ఎర్రంచు వేయించాడు. అంచునూలు అద్దింది మా నాయన. మొదటి ఉతుకుకే అంచులోంచి గులాబీ కారి తెల్లటి ఒళ్ళంతా పాకింది. ఆయన చీర తెచ్చి మా అరుగు మీద పరిచాడు. కసురుకోలేదు, అదే బాధ. "ఈ గులాబీ యాడనుంచి వచ్చిందో తేల్చి సెప్పప్పా. తేలేదాక ఎరుపు మీ ఇంటికి పంపను. నలుపు అద్దు, పచ్చ అద్దు" అని పోయినాడు.

మా ఇంట్లో గులాబీ లేకపోలేదు. ఎద్దుల కొమ్ములకు కట్టే కుచ్చులు అద్దడానికి చవక గులాబీ పొడి ఒక డబ్బాలో ఉండేది. ఎద్దు చీర ఉతుక్కోదు కాబట్టి అది కారినా అడిగేవాళ్ళు లేరు. దాని పక్క డబ్బాలో అసలైన ఎర్రపొడి. రెండూ పాత బిస్కెట్ డబ్బాలే, రెంటికీ పేరు రాయలేదు. రెండు పొళ్ళూ చూడడానికి నల్లగా ఉంటాయి, నీళ్ళు తగిలితేనే రంగు బయటపడుతుంది. తిరగేసి చూస్తే గులాబీ పొడి కొంచెం పచ్చగా మెరుస్తుంది, ఎర్రపొడి గోధుమగా. ఆ మెరుపు పట్టి ఏది ఏదో చెప్పేవాడు మా నాయన. పేర్లు రాసి అంటిద్దామని నేనొకసారి అంటే, "నీ కాలేజీలో అంటించుకో" అన్నాడు.

ఆయన ఒక్క పూట కూడా ఆలోచించలేదు. "సాయిబే" అన్నాడు. "పొట్లంలోనే కలిసొచ్చింది."

సాయిబంటే ఆదోనిలో రంగుల కొట్టాయన. ఇరవై ఏళ్ళ స్నేహం. మా నాయన ఆదోనికి పోయినాడంటే కొట్టు ముందు బెంచీ మీద సగం పొద్దు కూర్చుని, వచ్చిన ప్రతి రంగునూ తిట్టి, సాయిబు తెప్పించిన చాయ్ తాగి, తిట్టిన రంగే కొనుక్కుని వచ్చేవాడు. ఇప్పుడు ఆ కొట్టు గడప తొక్కడం మానేశాడు. ఊళ్ళో అద్దకం వాళ్ళు కూడా ఆయన మాట విని వేరే చోట కొనడం మొదలుపెట్టారు. సాయిబు నా చేత కబురంపాడు. ఒట్టు పెట్టలేదు, కోప్పడలేదు. "మీ నాయనకు సెప్పమ్మా, సీలు ఇప్పని పొట్లం ఒకటి ఇస్తా, యాడన్న సూపించుకోమను" అని, ఎర్రపొడి పొట్లం చేతిలో పెట్టాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

కాలేజీలో అద్దుడు కాగితం మీద పరీక్ష చేశాను. చీర దారం నానబెట్టిన నీళ్ళలో కాగితం అంచు ముంచితే ఎరుపు పైకి ఒక ఎత్తుకు, గులాబీ ఇంకొంచెం ఎత్తుకు పాకి విడివిడిగా నిలబడ్డాయి. సాయిబు పొట్లంలో పొడికి ఎరుపు ఒకటే. అదే చెప్పాను.

"రోంత ఉంటే నీ కాగితానికి కనపడతాదా?" అన్నాడు మా నాయన.

"మరీ కొంచెమైతే కనపడదు."

"అదీ సంగతి. నీ కాగితానికి సూపు సాలదు."

ఆ మాట అన్నది సాయంత్రం అయిదు గంటలకు, వాకిట్లో ఎండ ఇంకా ఉండగానే, దారం కొసను సూదిలోకి ఎక్కించలేక కరెంటోళ్ళను తిడుతూ. బల్బు కూడా వెయ్యలేదు. మా అమ్మ ఆయన చేతిలో సూది తీసుకుని దారం ఎక్కించి మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టింది. అప్పుడు నేను నవ్వుకున్నాను. నవ్వినందుకు తర్వాత నామీద నాకే కోపం వచ్చింది.

"అయితే నీ వెండినీళ్ళు యాంటికి పనికొస్తాయి?" అని ఆయన మళ్ళీ అన్నాడు. ఆ మాట ఎక్కడో తగిలింది. ఉంది అని చెప్పడం ఎవరికైనా వస్తుంది. లేదు అని చెప్పాలంటే ఎంత తక్కువ ఉన్నా కనిపించేంత సన్నటి చూపు కావాలి. నా పరిశోధన అంతా ఆ చూపు కోసమే కదా. వచ్చే సోమవారం బెంగుళూరులో యంత్రం నా వంతు. ఈ దారాన్నే తీసుకుపోతాను అన్నాను.

శుక్రవారం కాలేజీలో వెండినీళ్ళు చేశాను. అంత మంచి పసుపు అంతకుముందు రాలేదు. శనివారం సీసాతో ఇల్లు చేరి, చీర దారం, రెండు డబ్బాల్లో పొడి, సాయిబు పొట్లం సర్దుకున్నాను. మా నాయన సీసా పక్కన చతికిలబడి కూర్చున్నాడు.

"దీంట్లో రంగు ఏస్తే వెండి పట్టుకుంటాది, అంతే కదా?"

"అంతే నాయనా."

"ఉప్పు ఎంత ఏస్తావు?"

"ఉప్పు వెయ్యకూడదు."

"ఉప్పు ఏకుండా యాడ పట్టుకుంటాదే?"

"ఇది నూలు కాదు నాయనా. ఉప్పేస్తే వెండి చెడిపోతుంది. మా సారు ఉప్పు పేరెత్తితేనే ఒప్పుకోడు."

"మీ సారు ఒక్క నూలుచుట్టన్నా అద్దినాడా?"

లేదన్నాను. "సరే పో" అని లేచి పోయినాడు. ఆయనంత తేలిగ్గా వాదన వదిలేసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఆదివారం ఆదోనిలో రైలెక్కి, గుంతకల్లులో మారి బెంగుళూరు చేరాను. లాబులో సంచీ విప్పి సీసా తీసి వెలుతురుకెత్తాను. పసుపు లేదు. పచ్చా కాదు బూడిదా కాదు, ఎండిన గోరింటాకు నూరినట్టుంది. అడుగున సన్నటి మడ్డి. రెండేళ్ళ మడి మంట్లో కలిసింది. మా అమ్మ సీసా మూత తీసి కొళాయి నీళ్ళతో కడిగి పెట్టిందని నిశ్చయించుకుని, మనసులో ఆమెను అనరాని మాటలన్నాను. గైడు, పాపం పెద్దాయన, వచ్చి సీసా వంచి మడ్డి చూశాడు. "రోజు ఎలాగూ మీదే కదమ్మా, వేసి చూడండి" అన్నాడు.

సీసా కుదిపి, చీర దారం నానబెట్టిన నీళ్ళు ఒక బొట్టు కలిపి లేజరు ముందు పెట్టాను. మామూలుగా ఆ రంగులు లేజరుకు తామే దీపాల్లా వెలిగిపోయి, ఆ వెలుగులో గీతలన్నీ మునిగిపోతాయి. ఏ వెలుగు ఎవరిదో తెలియదు. ఈసారి వెలుగు అణిగిపోయింది. కాగితం మీద పెన్ను లేచింది, ఇంకా లేచింది, కాగితం అంచుకు పోయి టక్కుమని కొట్టుకుంది. మీట తగ్గించి మళ్ళీ గీయించాల్సి వచ్చింది. ఎరుపు గీతలు, వాటి పక్కనే గులాబీ గీతలు, ఒక్కొక్కటీ విడిగా నిలబడ్డాయి. మా ఇంటి గులాబీ డబ్బా పొడి విడిగా పెట్టి చూస్తే అచ్చం అవే గులాబీ గీతలు.

గైడు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "ఏం కలిపారమ్మా ఇందులో?"

"ఏమీ కలపలేదు సార్."

"ఏమీ కలపకపోతే ఇది రాదు."

తర్వాత సాయిబు పొట్లం పొడి పెట్టాను. ఎరుపు గీతలు మాత్రమే. గులాబీ ఉండాల్సిన చోట్ల కాగితం నున్నగా ఉంది. గైడు చెప్పినట్టు అదే పొడి నీళ్ళలో సూదిమొన మీద నిలిచేంత గులాబీ కావాలని కలిపి చూశాం. వెంటనే గీతలు నిలబడ్డాయి. అంటే పొట్లంలో అంత ఉన్నా దొరికిపోయేది. లేదు. ఇక సందేహం లేదు. సాయిబు పొట్లం కడిగిన ముత్యం. గులాబీ మా ఇంటి డబ్బాలోంచే ఎర్రగంగాళంలో పడింది.

రెండేళ్ళకు మొదటిసారి నా గీతలు నిలబడ్డ రోజు అది. పండగ చేసుకోవాల్సింది పోయి, ఆ కాగితం చుట్ట చేతిలో పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. గైడు ఆనందబాష్పాలనుకుని కాఫీ తెప్పించాడు. తర్వాత అక్కడే మంచి నీళ్ళతో, మంచి గాజుతో కొత్త వెండినీళ్ళు చేశాం. చక్కటి పసుపు. ఒక్క గీత లేవలేదు. "మీ ఇంటికి పోయి, ఆ సీసాలో ఏం పడిందో కనుక్కుని రండి. అది దొరికితే మీ థీసిస్ అయిపోయినట్టే" అని పంపాడు.

ఇంటికి వచ్చేసరికి మా నాయన గంగాళంలో నల్లనూలు తిప్పుతున్నాడు. ఎర్రతొట్టి బోర్లించి ఉంది. నన్ను చూసి కర్ర ఆపాడు.

"పొట్లంలో గులాబీ ఉండాదా?"

"లేదు నాయనా."

"బాగ సూసినావా? ఆ పొద్దు కాగితం గూడ అట్లనే అనె."

"సూదిమొనంత కలిపినా కనపడింది నాయనా. పొట్లంలో అంత కూడా లేదు."

ఆయన కర్ర గంగాళం మీద అడ్డంగా పెట్టి, చేతులు కడుక్కుని, లోపలి నుంచి రెండు డబ్బాలూ తెచ్చాడు. వాకిట్లో ఎండలో కూర్చుని, మూతలు తీసి, ఒక దాంట్లో వేలితో కదిపి, రెండో దాంట్లో కదిపి, చాలాసేపు చూశాడు. ముఖానికి అంత దగ్గరగా తెచ్చుకుని చూడడం నేనెప్పుడూ గమనించలేదు. కంటి నల్లగుడ్డు మీద పాలపొర లాంటిది అప్పుడు కనిపించింది. ఒక డబ్బా నాకు చాపి, "ఇది ఏది?" అన్నాడు.

పచ్చగా మెరుస్తోంది. "గులాబీ నాయనా" అన్నాను.

"నేను ఎరుపనుకుంటి" అన్నాడు. అంతే.

ఏదో ఒకటి మాట్లాడకపోతే ఇద్దరం ఏడ్చేట్టున్నాం. అందుకని అమ్మ మీద విరుచుకుపడ్డాను. నా సీసా ఎవరు ముట్టుకోమన్నారు, ఉప్పునీళ్ళతో ఎందుకు కడిగావు అని. అమ్మ కొంగు బిగించి బయటికొచ్చింది. "నీ పసుపునీళ్ళ జోలికి నేను యాంటికి పోతా? నాకేం పన్ల్యాకనా?"

మా నాయన డబ్బా మూత పెడుతూ, తలెత్తకుండా, "ఉప్పు నేనే ఏసినా" అన్నాడు.

"నువ్వా?"

"ఒక ఉప్పుకల్లు. ఒకటే. నువ్వు తానానికి పోయినప్పుడు. ఎక్కువేసింటే సెడిపోతాది, నాకు తెలీదా? నాలికతో సూసినా గూడ."

"నా వెండినీళ్ళు నాలుకతో చూశావా!"

"సప్పగ ఉండె. అందుకే ఏసినా."

నవ్వు ఆగలేదు నాకు. నవ్వుతూనే చెప్పాను. ఉప్పుకు వెండి రేణువులు కొంచెం కొంచెం దగ్గరికొచ్చి గుంపులు కట్టి ఉంటాయి, వాటి సందుల్లో ఇరుక్కున్న రంగుకే ఆ గీతలు లేచినట్టున్నాయి. ఎక్కువ పడితే అడుక్కి దిగిపోయేవి, అసలు పడకపోతే ఏమీ రాదు. ఆ ఒక్క కల్లు లేకపోతే రెండేళ్ళుగా జరిగినట్టే ఏమీ తెలిసేది కాదు. ఆయన ముఖం వెలిగింది. "మీ సారుకు సెప్పు" అన్నాడు. మరుక్షణం వెలుగు తగ్గింది. ఏమీ తెలియకపోయి ఉంటే సాయిబు దొంగగానే మిగిలేవాడు, ఎరుపు ఈయన చేతిలోనే ఉండేది. అది ఆయనకు నాకంటే ముందే తట్టింది.

"ఉప్పు వెయ్యకపోయుంటే బాగుండేదనిపిస్తోందా నాయనా?" అని అడిగాను. అడగకూడదు, అడిగాను.

"ఉప్పు ఏకుండా ఎట్ల ఉంటాను?" అన్నాడు.

థీసిస్‌లో సోడియం క్లోరైడు అనీ, ఇంత పాళ్ళలో అనీ ఒక అధ్యాయమంతా రాశాను. మొదటిసారి ఎలా పడిందన్న చోట మా గైడు 'అనుకోకుండా' అని దిద్దాడు. ఆ మాట మా నాయనకు చదివి వినిపించలేదు. వినిపిస్తే బెంగుళూరు వచ్చి గైడు నాలుక కూడా పరీక్షించేవాడు.

నేను బెంగుళూరు నుంచి వచ్చిన తర్వాతి సోమవారం పొద్దున మా నాయన నాతోపాటు ఆదోని బస్సెక్కాడు. చేతిసంచీలో రెండు డబ్బాలు. అంతకుముందే, బస్సు టైమయ్యేలోపే, చీరలు నేయించే పెద్దమనిషి ఇంటికి ఒక్కడే పోయి సంగతి చెప్పేసి వచ్చాడు. ఆయనేమన్నాడని నేను అడగలేదు. ఆదోనిలో దిగి కొట్టు ముందు బెంచీ దాకా నడిచి, కూర్చోకుండా నిలబడ్డాడు.

"నీ పొట్లం మంచిదే సాయిబూ. తప్పు నాది. డబ్బా మార్సినా" అన్నాడు. బజారులో పదిమంది వినేంత గట్టిగా అన్నాడు. ఈ మనిషి ఎరుపు విషయంలో తప్పు నాది అనడం అంతకుముందు ఎవరూ వినలేదు. సాయిబు ఆయన కళ్ళలోకి చూశాడు. ఆ పాలపొర ఆయనకూ కనిపించినట్టుంది. రెండు డబ్బాలూ తీసుకుని, గల్లా కింది నుంచి జనపతాడు లాగి, గులాబీ డబ్బా మెడకు గట్టిగా చుట్టాడు.

"ముడి రెండెయ్యాల్నా, మూడెయ్యాల్నా అన్నా? తడిమితే తెలియాల కదా."

"ఒకటి సాలు" అన్నాడు మా నాయన, బెంచీ మీద కూర్చుంటూ. "కండ్లు పోయినాయి గానీ, సేతులు యాడికీ పోల్యా."

సాయిబు ఒకే ముడి వేసి, చాయ్ చెప్పాడు.